నడుమ నిలబడని జపాను సారు

ఆ రోజుల్లో మా నాయన నమ్మనివి చాలా ఉండేవి. పాలవాడి కొలత, వాన వస్తుందని చెప్పే టీవీ, నవ్వుతూ మాట్లాడే మనుషులు (ముఖ్యంగా నవ్వుతూ మాట్లాడే మనుషులు). కాబట్టి శ్రీసిటీలో ఒక జపాను ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చిందంటే ఆయన ఎగిరి గంతేస్తాడని నేనేమీ అనుకోలేదు. వడమాలపేటలో మా వీధి నుంచి ఆడపిల్ల కంపెనీ బస్సెక్కడం అదే మొదలు. నెల రోజులు చూసి, అన్నం తింటూ తీర్పు చెప్పాడు. "మీ సారును ఒక పూట ఇంటికి పిలువు. మొగం సూసినాకే చెప్తా, నువ్వు పొయ్యేదీ మానేదీ."

ఆ జపాను సారు ఒక ఆదివారం అలిపిరి చూడటానికి పోతూ మా ఇంటి ముందు కారు దిగాడు. గుమ్మంలోనే నడుం దాకా వంగి దండం పెట్టాడు. "ఇంత వంగేవోన్ని నమ్మగూడదు" అని నాయన నా చెవిలో అన్నాడు. భోజనాలయ్యాక సారు ఫోన్‌లో తన ముత్తాత ఫొటో చూపించాడు. జపానుకు కెమెరా కొత్తగా వచ్చిన కాలం నాటిదట. తల కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టి తీసేవాళ్ళట. ఫొటోలో చేతులు పెద్దవిగా పడతాయన్న భయంతో ముత్తాత రెండు చేతులూ అంగీలోకి లాక్కుని, పంటినొప్పి వచ్చినవాడిలా కూర్చున్నాడు. నా అరకొర ఇంగ్లీషుకు అందినంత నాయనకు చెప్పాను. "సేతులు దాసుకున్నోడు యాడైనా మంచోడా?" అన్నాడు. ఏమంటున్నాడన్నట్టు సారు నా వైపు చూశాడు. "మీ ముత్తాత చాలా అందంగా ఉన్నారంటున్నాడు" అన్నాను.

తర్వాత మా ముగ్గురినీ ఫొటో తీయడానికి కారు డ్రైవరు ఫోన్ అందుకున్నాడు (ఫొటో అంటేనే మా అమ్మ వంటింట్లోకి పారిపోయే రకం). మర్యాద కోసం నాయన సారును నడుమ నిలబెట్టాడు. ఆయన మెల్లగా చివరికి జరిగాడు. నాయన మళ్ళీ లాగాడు, ఆయన మళ్ళీ జరిగాడు. మూడోసారికి నాయన మొహం గంటు పెట్టుకున్నాడు. "సూసినావా అమ్మణ్ణీ? ఏందో దాస్తా ఉండాడు ఆయప్ప. రేపట్నుంచి నువ్వు గమ్మున ఇంట్లో ఉండు."

నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకలా జరుగుతున్నారని సారునే అడిగాను. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. ముగ్గురు ఫొటో దిగితే నడుమ ఉన్నవాళ్ళకు ఆయుష్షు తగ్గుతుందని ఆ పాతకాలంలో అనుకునేవాళ్ళట. ఒక బొమ్మను కలుపుకుని నలుగురయ్యేవాళ్ళట. "నేను ఇంజినీరును, నాకు నమ్మకం లేదు. కానీ మా నాయనమ్మ చెప్పింది" అన్నాడు.

ఉద్యోగం ఎలాగూ పోయిందని ఉన్నదున్నట్టు నాయనకు చెప్పేశాను. ఆయన సారును ఎగాదిగా చూసి, ఆ నెలలో మొదటిసారి నవ్వాడు. "భయపడే మనిషే! అయితే మన మాదిరే ఉండాడు" అంటూ లోపలికి పోయి, బొమ్మల కొలువు పెట్టెలోంచి ఎర్రచందనం బొమ్మను తెచ్చాడు. దాన్ని పట్టుకుని తనే నడుమ నిలబడ్డాడు.

"నలుగురైపోయాం గదా నాయనా, ఇంక ఎవరు యాడుంటే ఏం?" అన్నాను.

"బొమ్మను మాత్రం ఎట్ట నమ్మేది? పెద్దోన్ని, నేనే ఉంటా నడుమ. రేపు పెందలాడే లెయ్యి, బస్సు తప్పిపోతాది."

నాయన ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాడు, పాలవాణ్ణి అనుమానిస్తూనే ఉన్నాడు. మర్నాడు బస్సులో ఆ ఇద్దరినీ తలుచుకుని తెగ నవ్వుకున్నాను, చదువుకున్నదాన్ని కదా. మొన్న మా ఆయన, నేను, పాప ఫొటో దిగుతుంటే ఆయన పాపను నడుమ నిలబెట్టాడు. నేను దాన్ని చివరికి జరిపి నడుమకు వచ్చేశాను. ఎందుకని అడిగితే, అక్కడ వెలుతురు బాగుందని చెప్పాను.