అర మెట్టు

మూడేళ్లు దాటింది, నేనొక అబద్ధం చెప్పి. దాని వల్ల ఒక అమ్మాయి చదువు ఆగిపోయింది. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయికీ తెలియదు. అదే మోయలేకపోతున్నాను. తెలిసి నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఈపాటికి కొంత బరువు దిగేదేమో. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా గురించి చెప్పాల్సినంత మటుకే చెబుతాను. మొఘల్‌పురాలో మాకు ఒకప్పుడు దేవిడీ, అంటే పెద్ద భవంతి, ఉండేది. మా ముత్తాత నిజాం దఫ్తరులో పెద్ద హోదాలో పనిచేశాడు. ఇప్పుడు ఆ దేవిడీలో నాకు మిగిలింది రెండు గదులు, వీధి వైపు కమాను. మిగతా చోట గోదాములు వెలిశాయి. సందు మొదట్లో చాయ్ హోటల్ వాడు ఇప్పటికీ నన్ను "రాజాసాబ్" అనే పిలుస్తాడు, కాలేజీ పిల్లలూ చాటుగా అదే అంటారు. వెక్కిరింపని తెలుసు. అయినా ఆ పిలుపు వింటే నా నడక మారుతుంది. ఇదీ ఒప్పుకోవలసిందే.

నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పరీక్షల విభాగం చూస్తాను. కొత్త విద్యా విధానం వచ్చినప్పుడు సర్క్యులర్ చేతికిచ్చి విద్యార్థుల క్రెడిట్ల పని నాకు అప్పగించారు. దేశమంతటికీ ఒకటే నిచ్చెన. ఇంటర్‌తో నాలుగో స్థాయి, డిగ్రీ మొదటి ఏడాది పూర్తిచేస్తే నాలుగున్నర, రెండో ఏడాదికి ఐదు, మూడో ఏడాదికి ఐదున్నర, నాలుగేళ్లూ చదివితే ఆరు. ఏడాదికి నలభై క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే సుమారు ముప్పై గంటల చదువు. ఇంట్లో కష్టమొచ్చి మొదటి ఏడాది తర్వాత ఆగిపోతే, ఏదైనా పని నేర్పే నాలుగు క్రెడిట్ల కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకుని వెళ్లవచ్చు. మూడేళ్లలోపు తిరిగొచ్చి, ఆగిన చోటి నుంచే చదువుకోవచ్చు. చదువు మధ్యలో ఆపినవాళ్లను ఇంత మర్యాదగా చూసిన నిబంధన నా ఉద్యోగంలో నేను చూడలేదు. ఆ సర్క్యులర్‌ను తెలుగులో రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చింది నేనే. తెలియక జరిగిందని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆ అమ్మాయిని మౌనిక అందాం. అసలు పేరు రాసే అర్హత నాకు లేదు. వాళ్లది యాకుత్‌పురా. తండ్రి ఆటో నడిపేవాడు. ఆయన తాత మా దేవిడీలో బగ్గీ తోలాడట. కూతుర్ని చేర్పించడానికి వచ్చినరోజు ఆయన నన్ను ఆనవాలు పట్టి, చెప్పులు గది బయట విడిచి, "దొరా" అని చేతులు జోడించాడు. వద్దని నేను అనలేదు. ఆ రోజంతా హాయిగా ఉంది నాకు.

కొన్నాళ్లకు మొదటి ఏడాది పిల్లలందరినీ కూర్చోబెట్టి ఈ స్థాయిల గురించి చెప్పాను. బోర్డు మీద మెట్లు గీశాను. మౌనిక లేచింది.

"సార్, మీరేం చదివిన్రు?"

"బి.ఏ.," అన్నాను.

"గదే సార్, మూడేండ్లదే గద? అంటే మీరు ఐదున్నర. నేను నాలుగేండ్లు చదివితే ఆరు. మీకన్న అర మెట్టు మీద ఉంటా!"

హాలంతా గొల్లుమంది. వెనక బెంచీ నుంచి ఎవరో, "ఇగ రాజాసాబే సలాం కొట్టాలె మౌనికకు," అన్నారు. ఆమె నాలుక కరుచుకుని, "ఊకెనే అన్న సార్, ఏమనుకోకున్రి," అంది. నేను ఏమీ అనుకోనట్టు బోర్డు తుడిచాను.

ఏమీ అనుకోలేదా? చాలా అనుకున్నాను. మా బగ్గీ తోలినవాడి ఇంటి పిల్ల. నేనే గీసిన మెట్ల మీద నన్ను కింద నిలబెట్టింది. అందులో పొగరు లేదు, కాగితం మీద ఉన్నదే పైకి చదివింది. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసీ మనసులో పెట్టుకున్నాను.

ఆ వేసవిలో పరీక్షలు అయిపోయాక తండ్రీ కూతురూ నా గదికి వచ్చారు. ఆయన కర్ర ఊతంతో నిలబడ్డాడు. కూర్చోమని నేననలేదు.

"సార్, ఇగ నేను కాలేజీకి రాలేను," అంది మౌనిక. "బాపు కాలు ఇరిగింది. ఆటో నడపనీకి రాదు. మదీనా దిక్కు చీరల దుకాణంల పని దొరికింది. ఒక్క ముచ్చట అడుగుదామని వచ్చిన."

"ఏమిటి?"

"నడుమల ఆగినా మల్ల రావచ్చని ఏదో ఉందంట గద సార్. రెండేండ్లైతే మా తమ్ముడు పనికి ఎక్కుతడు. అప్పుడు నేను మల్ల రావచ్చా?"

నా ఎదుటి బీరువాలోనే ఉంది ఆ సర్క్యులర్. చేయి చాచితే అందేది.

"అలాంటిదేమీ లేదు. ఆపితే ఆపినట్టే," అన్నాను.

"అట్లెట్ల సార్? మరి నేను పాసైనయి? అవన్నీ ఉత్తగనే పోతయా?"

"పోతాయి."

ఆమె వదల్లేదు. "ఇంకెవరినన్న అడిగితే తెలుస్తదా సార్? ప్రిన్సిపాల్ మేడంని?"

అప్పుడు తండ్రి ఆమె భుజం పట్టుకున్నాడు. "ఊకో బిడ్డా. దొర చెప్పినంక ఇంకొగల్ని అడుగుడేంది? మా తాత అంటుండె, గా దేవిడీల అబద్ధమన్నది పుట్టలేదని."

ఇద్దరూ నాకు దండం పెట్టి వెళ్లిపోయారు. నేను ఆమె పేరు ఎదుట "చదువు మానేసినది" అని రాసి ఫైలు మూశాను.

అది కోపంలో జారిన మాటని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కోపమైతే సాయంత్రానికి తగ్గాలి కదా? మర్నాడు ఫోన్ చేసి చెప్పవచ్చు కదా? నెంబరు ఫైల్లోనే ఉంది. వారం గడిచినా చెప్పవచ్చు, ఏడాది గడిచినా చెప్పవచ్చు. మూడేళ్లూ ఆ తలుపు తెరిచే ఉంది, ప్రతి ఉదయం నేను దాన్ని మళ్లీ మూస్తూ వచ్చాను. ఒకసారి అబద్ధమాడాను అనడం కూడా నిజం కాదు. అర మెట్టు కోసమే ఇదంతా చేశానా? ఆ మెట్టు కావాలంటే నేనే ఎక్కి ఉండవచ్చు. ముప్పై ఏళ్ల కింద ఎం.ఏ.లో సీటు వచ్చింది. ఫీజు రాయితీకి దరఖాస్తు పెట్టమన్నారు. మా ఇంటివాడు చేయి చాచడమా అని మానేశాను. చదువు అలా పోగొట్టుకున్న నేనే, అడగడానికి సిగ్గుపడకుండా వచ్చిన పిల్లను వెనక్కి పంపాను.

నిరుడు ఒక పెళ్లికి చీర కొనడానికి పొరపాటున ఆ దుకాణంలోకే వెళ్లాను. మౌనిక చూసి, పరుగున కుర్చీ తెచ్చి వేసింది. "బాగున్నరా సార్? చాయ్ తెప్పియ్యాల్నా?" అంది. బిల్లు కౌంటర్ దగ్గర ఒక కుర్రవాడు ఆమెను పేరు పెట్టి గద్దించాడు. ఆమె నవ్వుతూ, "గీయనకు పని నేర్పింది నేనే సార్. సర్టిఫికెట్ ఉందని సూపర్‌వైజర్‌ను చేసిన్రు," అంది. నింద లేదు ఆ గొంతులో. నేను చీర కొనకుండానే బయటపడ్డాను. అప్పటికి ఇంకా గడువు ఉంది. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు.

ఈ జూన్‌లో గడువు దాటినవాళ్ల జాబితా తయారుచేస్తుంటే ఆమె పేరు వచ్చింది. నలభై క్రెడిట్లు. అంటే పన్నెండు వందల గంటలు ఆ పిల్ల చదివింది. తండ్రి ఆటోలో వస్తూ, పోతూ, లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని. ఆ గంటలు ఇంకా ఆమె పేరు మీదే ఉన్నాయి. తిరిగి వచ్చే దారి మాత్రం నా చేతుల్లో మూసుకుపోయింది.

గడువు సడలించమని కాలేజీ తరఫున యూనివర్సిటీకి రాయవచ్చు. ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. ఇన్నాళ్లకు ఆమెకు చదవాలని ఉందో లేదో కూడా తెలియదు. అయినా ఈ రోజు ఆ దరఖాస్తు తీసుకుని కూర్చున్నాను. ఆలస్యానికి కారణం అన్న చోట ముందు "కార్యాలయ పొరపాటు" అని రాశాను. చాలా మర్యాదైన మాట. ఎవరికీ ఏమీ కాదు. దాన్ని కొట్టేసి, "తిరిగి చేరవచ్చా అని విద్యార్థిని అడిగినప్పుడు, నిబంధన తెలిసి ఉండి కూడా, వీలు లేదని నేను అబద్ధం చెప్పాను," అని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోవచ్చు. ఆ భయం తగ్గలేదు. కానీ దాచుకోవడానికి ఇంకేమీ మిగలకపోవడం ఎలా ఉంటుందో చాలా కాలానికి తెలిసింది. అంతే, అంతకు మించి ఏమీ కాలేదు.

దరఖాస్తు మీద ఆమె సంతకం కూడా కావాలి. రేపు యాకుత్‌పురా వెళ్తాను. ఆమె ఆ వాక్యం చదువుతుంది. వాళ్ల నాన్నకు చదువు రాదు. ఏం రాసి ఉందని ఆయన అడుగుతాడు. ఆమె పైకి చదివి వినిపిస్తుంది. అది అయ్యేదాకా నేను అక్కడే నిలబడి ఉండాలి.