ఆ రోజు ఆయన బాగున్నాడు

మొన్న మా కోడలు కొత్త గొడుగు విప్పితే దాని మీద ఆ బొమ్మ ఉంది. పసుప్పచ్చని గోధుమచేను, సుడులు తిరిగే మబ్బులు, మంటల్లా పైకి లేచిన ముదురాకుపచ్చ చెట్లు. వందేళ్ల కిందటి యూరప్ చిత్రకారుడి బొమ్మ మా వీధి వానలో తడుస్తుంటే, దోహాలో ఉన్నప్పటి మా మేనమామ గుర్తొచ్చాడు.

అది తొంభైల నాటి మాట. మేం ఆ ఊళ్లో అల్ హిలాల్ అనే పేటలో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. మావారిది ఆఫీసు ఉద్యోగం, నేను అక్కడి మన దేశం పిల్లల బడిలో డ్రాయింగ్ టీచర్ని. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మామయ్య ఒక కంపెనీలో గోడలకు రంగులేసేవాడు. గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే అనుకునే ఊళ్లోవాళ్ల లెక్కలో మేమంతా దుబాయ్‌లోనే ఉన్నాం. ప్రతి శుక్రవారం సెలవునాడు కంపెనీ పనివాళ్లుండే క్యాంప్ నుంచి ఇస్త్రీ చొక్కాలో వచ్చి, పప్పుచారుతో కడుపునిండా తిని, మా గోడల్ని తిట్టేవాడు. "ఎవడేసిండు బిడ్డా ఈ రంగు? బ్రష్‌తోని ఏసిండా, చీపురుతోని ఏసిండా?"

ఇంత మాటకారీ ఆ దేశం వచ్చిన మొదటి సంవత్సరంలో మూడు నెలలు నోరు విప్పకుండా మంచం పట్టాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు. గదిలోవాళ్లు తినిపిస్తే తినేవాడు. మందులతో మెల్లగా తేరుకున్నాడు. ఏదో జ్వరమని కంపెనీకి చెప్పాం. మనసు జబ్బని తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయం. ఊళ్లో అత్తయ్యకు కూడా చెప్పలేదు.

ఒకసారి బడిలో బొమ్మల ప్రదర్శన పెట్టి, పిల్లల బొమ్మల మధ్య ఆ గోధుమచేను ప్రింటు తగిలించాను. మేకులు కొట్టడానికి మామయ్యే వచ్చాడు. తీరా చూస్తే ముఖ్య అతిథి మామయ్య కంపెనీ మేనేజరు, ఉత్తరాది ఆయన. ఆ ప్రింటు ముందు ఆగి పిల్లలతో, "ఇది వేసినాయన పిచ్చాసుపత్రిలో ఉండేవాడు. చూడండి, ప్రతి గీతలోనూ పిచ్చి కనిపిస్తుంది!" అన్నాడు. పిల్లలు నవ్వారు.

"కాదు సార్."

నిచ్చెన పక్క నుంచి మామయ్య. నేను ఆపేలోపే బొమ్మ దగ్గరికెళ్లి, తాకకుండా వేలితో గీతల వెంబడి నడుస్తూ, క్యాంప్‌లో నేర్చిన హిందీలో చెప్పాడు. మా తెలుగులో అయితే ఇట్లా ఉంటుంది:

"ఈ గీతలు సూడుండ్రి, నాట్లేసినట్టు ఒకదాని పక్కకు ఒకటి. పసుపు తడి ఆరకముందే పచ్చ ఏసిండు, అయినా రెండూ కలగాపులగం కాలే. చెయ్యి వణికితే గిట్ల రాదు. నాకూ గా జబ్బు జేసింది సార్. మూడు నెలలు అంగీ గుండీలు పెట్టుకునుడు కూడా చాతకాలే. గంత జబ్బుల ఉన్నోడు బ్రష్ పట్టడు. ఇది ఏసిన దినం ఆయన మంచిగున్నడు. మంచిగయిన సంబురానికే ఏసిండు."

మేనేజరు బొమ్మనీ మామయ్యనీ మార్చి మార్చి చూశాడు.

"మరి నువ్వెలా లేచావు?"

"మంచం పక్క గోడకు రంగు పెచ్చులూడింది సార్. ఓ పొద్దు అది కండ్లవడ్డది. సూసి ఊకోబుద్ధి కాలే."

ముందు నవ్వింది మేనేజరే. తర్వాత పిల్లల వైపు తిరిగి, "నేను చెప్పింది తప్పు. ఈయన చెప్పింది రాసుకోండి," అన్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలు మోగిపోయింది. మామయ్య చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక సుత్తిని గట్టిగా పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వాడు. ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ చేసి, అత్తయ్యకు అంతా తానే చెప్పాడు.

ఉద్యోగం పోలేదు. పైగా ఆ తర్వాత క్యాంప్‌లో ఎవరైనా మాట మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే, ముందు మామయ్యకే కబురొచ్చేది. వెళ్లి ఆ మంచం మీద కూర్చుని, తన మూడు నెలల కథ మొదలుపెట్టేవాడు. పంటలాగే చెడ్డకాలం కూడా ఒకనాటికి పండుతుందనీ, పండాక అది నలుగురికీ పనికొస్తుందనీ నాకు తెలిసింది ఆయన వల్లే.