అరవై అయిదు కాదు, అరవై రెండు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఆడపిల్లకు లెక్కలు రాకపోతే ఎవరూ పెద్దగా బాధపడేవారు కాదు. కూరలో ఉప్పు లెక్క తెలిస్తే చాలు అనేవారు. నా తిప్పలేమిటంటే, నాకు ఉప్పు లెక్కా తెలియదు, ఓడిపోయి ఊరుకోవడం అసలే తెలియదు. ఇల్లు దాటితే జొన్న చేలు, చేలు దాటితే పంజాగుట్ట బండలు, బండలు దాటితే మా మిషన్ బడి. రోజూ అంత దూరం నడిచిపోయి నేర్చుకున్న చదువు అన్నింట్లో బాగానే ఉండేది, ఒక్క లెక్కల్లో తప్ప. రెండు పరీక్షలు వరసగా తప్పాక మా నాయిన (కారఖానాలో పని, అన్న మాట రెండోసారి అనే అలవాటు లేని మనిషి) కంచం ముందు కూర్చుని తేల్చేశాడు. "ఈసారి సుత లెక్కల తప్పితివా, ఇగ బడి బంద్. మిషన్ కుట్టుడు నేర్చుకో, ఫికరుండది." నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని ఆయనకు తెలియదు.

నన్ను ముంచింది అంకశ్రేఢి. మా లెక్కల టీచరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చినావిడ. చీర కొంగుకు చిన్న గడియారం పిన్ను పెట్టుకునేది కాబట్టి మేము చాటుగా గడియారం టీచరమ్మ అనేవాళ్ళం. ఒక తోటలో మొదటి వరుసలో ఐదు బంతి మొక్కలు, ఆ పైన ప్రతి వరుసకూ మూడేసి ఎక్కువ, ఇరవయ్యో వరుసలో ఎన్ని అని అడిగింది. ఇరవై మూళ్ళు అరవై, ఐదు కలిపితే అరవై అయిదు అన్నాను. తప్పంది. వరుసల సంఖ్యలోంచి ఒకటి తీసేసి మూడుతో గుణించాలట. "ఎందుకు తీసెయ్యాలండి?" అన్నాను. "సూత్రంలో అలాగే ఉందమ్మా." "ఆ ఒక్క వరుస ఏం తప్పు చేసిందండి?" నేను నిజంగా తెలుసుకుందామనే అడిగాను. క్లాసంతా నవ్వింది, నేను గంటసేపు బెంచీ మీద నిలబడ్డాను.

బెంచీ మీద నిలబడే నిశ్చయించుకున్నాను, తప్పు సూత్రానిదో నాదో తేల్చకుండా వదలనని. శనివారం నాయిన పనికి పోగానే, నాయనమ్మ వేయించి పెట్టడానికి దాచిన చింతగింజల కుండ వాకిట్లో బోర్లించాను. మొదటి వరుసలో ఐదు, తర్వాత ఎనిమిది, తర్వాత పదకొండు. మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయి, అన్నానికి వచ్చిన నాయిన గోడవారగా పక్కకు తిరిగి లోపలికి పోవాల్సి వచ్చింది. ఇరవయ్యో వరుస లెక్కపెడితే అరవై రెండు. మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగోసారి కూడా అరవై రెండే. మిగతా మూడూ కోడి మింగిందన్నాను. (కోళ్ళు చింతగింజలు ముట్టవు. అయినా ఆ పూట దాన్ని వాకిలంతా తరిమాను.)

అరుగు మీద జొన్నలు చెరుగుతున్న నాయనమ్మ చేట పక్కన పెట్టి సంగతి అడిగింది. చెప్పాను. "జొన్నలు కొలిచేటప్పుడు మొదటి మానికను ఏమంటమే?" అంది. "లాభం." మా ఇళ్ళలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అని మొదలుపెట్టి రెండు, మూడు అంటూ పోతారు. "నీ మొదటి వరుస సుత లాభమే గదనే. అది ముందుగాల్నే వచ్చి కూసున్నది. దానికి నువ్వేం కలిపినవ్? కలుపుడంతా రెండో దాని కాడికెల్లి." నేను ఆ గింజల మీదే చతికిలపడ్డాను. రెండు నుంచి ఇరవై దాకా పంతొమ్మిది. ఇంతేనా, దీనికోసమా నన్ను బెంచీ ఎక్కించారని ఒళ్ళు మండింది.

పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. మొదటి వరుస లాభం, దానికి కలిపేదేమీ లేదు అని ఘనంగా రాసి జవాబు సరిగ్గా తెచ్చాను. కాగితాలు ఇచ్చినప్పుడు చూస్తే ముప్పై నాలుగు. ముప్పై అయిదైతే పాసు. లాభం అన్న మాట చుట్టూ ఎర్రసిరా సున్నా. గుడ్ల నీళ్ళు కుక్కుకుని టీచరమ్మ బల్ల దగ్గరికి పోయాను.

"ఏంటమ్మా ఇది? లెక్క చెయ్యమంటే ధాన్యం కొలిచావా?"

"జవాబు సరిగ్గానే ఉంది కదండి."

"జవాబుకి మార్కులిచ్చాను. పద్ధతికి ఒకటి కోశాను. ఈ లాభం ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో లేదండి, మా నాయనమ్మ దగ్గరుంది."

"అయితే ఆవిడనే తీసుకురా," అంది. వదిలించుకోవడానికే అని ఉంటుంది. నేను మర్నాడు పొద్దున్నే తీసుకొచ్చాను. నాయనమ్మ ఆదివారం గుడికి కట్టే చీర కట్టి, మానిక, మూటెడు జొన్నలు నెత్తిన పెట్టుకుని వచ్చింది. బల్ల మీద గుడ్డ పరిచి కొలిచి, టీచరమ్మ వైపు తిరిగింది. "లాభం, రెండు, మూడు. ఇప్పుడు నువ్వే చెప్పమ్మా, గీ మొదటిదానికి ఎవరన్న ఏమన్న కలిపిన్రా?" టీచరమ్మ రెండో కుప్ప నుంచి వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. "ఇన్నేళ్ళుగా ఒకటి తీసెయ్యండి, తీసెయ్యండి అని చెప్తూనే ఉన్నానండి. ఎందుకో నాకూ ఎవరూ చెప్పలేదు," అని నాలుగు కొట్టేసి అయిదు వేసింది. నా బడి నాకు మిగిలింది.

తిరుగుదారిలో పంజాగుట్ట బండల దగ్గర నాయనమ్మ అడిగింది. "నీ తోటల నూరో వరుసల ఎన్ని మొక్కలుంటయే?" పలక కావాలి, ఇంటికి పోయినంక చెప్తనన్నాను. ఆమె నాలుగడుగులు వేసి, "మున్నూట రెండు గద," అంది. "నీకేం తెల్వది, ఊకో నాయనమ్మా," అన్నాను, పాసైన పిల్లను కదా. "తప్పిననేమో తియ్," అని ఆమె మూట సర్దుకుంది. ఇంటికొచ్చి పలక మీద వేస్తే మున్నూట రెండే వచ్చింది. గబగబా చెరిపేసి, ఎవరికీ చెప్పకుండా పలక బోర్లించాను. ఆ తర్వాత నేనూ లెక్కల పంతులమ్మనై ఎన్ని వందల మంది పిల్లల జవాబులు దిద్దానో. సంతకం కూడా రాని మా నాయనమ్మ మాత్రం తన లెక్క తప్పిందనుకునే కన్నుమూసింది. ఆ పొగరుబోతు పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వుతూనే దాని చెవి గట్టిగా మెలిపెట్టాలనిపిస్తుంది.