గంగామణికి ఎన్నేళ్లు

ఒక ఆడపిల్ల వయసు గురించిన నిజాన్ని పదేళ్లకు పైగా లోపల దాచుకుని తిరుగుతున్నాను. తిన్నది ఒంటబట్టదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. బాన్సువాడలో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తొంభైల మధ్యలో మా వైపు పిల్లలకు హాకీ లీగు పెడదామన్నది హైస్కూలు డ్రిల్లు సారు విఠల్. మంచు మీద జారుతూ ఆడే హాకీని టీవీలో చూసి పిల్లలు అదే మాట్లాడుకుంటుంటే, మంచు లేకపోతే ఏం, కోతలైన మళ్లున్నాయి కదా అన్నాడు. ఆలోచన అతనిదే, ఒప్పుకుంటాను. కానీ వర్నికి, నస్రుల్లాబాద్‌కు సైకిల్ తొక్కి హెడ్మాస్టర్లను ఒప్పించింది ఎవరు? డోంగ్లికి బస్సెక్కి వెళ్లి, వచ్చీరాని మరాఠీలో తల్లిదండ్రులకు నచ్చజెప్పింది ఎవరు? మళ్లు చదును చేయించి సున్నంతో గీతలు గీసింది ఎవరు? నేను. ప్రారంభం రోజు పంచిన పాంప్లెట్‌లో మైకు కిరాయికిచ్చినవాడి పేరు కూడా ఉంది. నా పేరు లేదు. వేదిక మీద నాకు కుర్చీ లేదు. కింద నిలబడి చప్పట్లు కొట్టాను.

రెండో ఏడు ఆడపిల్లల జట్లు కూడా కలిశాయి. పద్నాలుగు నిండనివాళ్లే ఆడాలన్నది నియమం. ఫైనల్ చూసి బాగా ఆడేవాళ్లను క్రీడా హాస్టల్‌కు తీసుకుంటామని పట్నం నుంచి కబురొచ్చింది. చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. విఠల్ తయారుచేసిన మా ఊరి జట్టులో అందరి కళ్లూ గంగామణి మీదే. వాళ్లమ్మ పోశవ్వ బీడీలు చుట్టేది.

ప్రైమరీ బడి పంతులుగా ఆ పిల్లను ఒకటో తరగతిలో చేర్చుకున్నది నేనే. పిల్లను పక్కన పెట్టుకుని బీడీలు చుట్టడం కుదరక పోశవ్వ నాలుగేళ్లకే బడికి తెచ్చింది. అప్పట్లో పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరా ఉండేవి కావు. చెయ్యి తల మీదుగా వెళ్లి అవతలి చెవికి అందితే అయిదేళ్లు నిండినట్టు లెక్క. ఆమెకు అందలేదు. నేనే తల కాస్త వంచి అందించాను. ఏడాది కలిపి రిజిస్టర్‌లో రాశాను. ఆ రోజు అది మంచి పనే.

ఫైనల్‌కు వారం ముందు కమిటీకి ఒక ఉత్తరం అందింది. గంగామణికి వయసు మించిందని, అనుమానముంటే బడి రిజిస్టర్ చూసుకోమని. కింద సంతకం లేదు. రాసింది నేను. ఎడమ చేత్తో రాశాను.

మర్నాడే విఠల్ ఆ పిల్లను వెంటబెట్టుకుని మా బడికి వచ్చాడు. పోశవ్వ అతనికి అంతా చెప్పింది.

"సార్, ఏడాది ఎక్కువ రాసిన అని ఒక్క కాయితం రాసియ్యి. పిల్ల బతుకు బాగుపడ్తది."

"నౌకరి పోతే ఎవరిస్తరు?"

"నీ పేరు ఎక్కడ రాకుండ నేను చూస్కుంట."

"పాంప్లెట్‌ల చూస్కున్నట్టేనా?"

అతను నిజంగానే అయోమయంగా చూశాడు. "ఏ పాంప్లెట్ సార్?"

అతనికి గుర్తు కూడా లేదు. ఏడాదికి పైగా నేను రోజూ తలుచుకుంటున్నది అతనికి గుర్తు కూడా లేదు. అప్పటిదాకా ఏ మూలో కాస్త మెత్తగా ఉన్న నా మనసు అక్కడే గట్టిపడింది.

గంగామణి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "సార్, ఖరె చెప్పు. నాకెన్నేండ్లు?"

"పద్నాలుగు దాటినయ్," అన్నాను.

ఆ పిల్ల మీద నాకు కోపం ఉందా? లేదు. విఠల్ ముఖం మాడిపోతే చూడాలనుకున్నాను, అంతే. మధ్యలో పిల్ల నిలబడి ఉందని ఆ కోపంలో కనబడలేదని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. కనబడింది. నన్నే చూస్తూ నిలబడింది.

ఫైనల్లో ఆమె లేదు. హాస్టల్‌కు వర్ని పిల్ల వెళ్లింది. మరో రెండేళ్లకు విఠల్‌కు బదిలీ అయింది, లీగు ఆగిపోయింది. అతను చేసిన అవమానాన్ని నేను ఈనాటికీ మరవలేదు, మరవను కూడా. అది వేరే సంగతి. దానికి ఇది జవాబు కాదని తెలియడానికే నాకు చాలా కాలం పట్టింది.

గంగామణి పదో తరగతి దాటలేదు. తల్లి పక్కనే కూర్చుని బీడీలు చుట్టింది. కన్నతల్లికి బిడ్డ ఉమరు కూడా యాదిలేదా అని తల్లితో ఏళ్ల తరబడి మాట్లాడలేదని విన్నాను. ఒకసారి దవాఖాన దగ్గర పోశవ్వ ఎదురైంది. దగ్గుతోంది. నాకు దండం పెట్టి, "నేనే లెక్క తప్పిన గావచ్చు సార్. సదువు రానిదాన్ని," అంది. నేను తలూపాను. ఆ చలికాలంలోనే ఆమె పోయింది.

పోశవ్వ లెక్క తప్పలేదు. గంగామణికి అప్పుడు పదమూడేళ్లే.