పురియలైంగ అని చెయ్యెత్తడం నేర్పిన వక్కీలమ్మ

మా పక్కింటి వక్కీలమ్మ చనిపోయారని సత్రపట్టి నుంచి వచ్చే టౌన్ బస్సులో విన్నాను. ఆ పొద్దున నేను సత్రపట్టి దగ్గరి పొలానికి బయలుదేరుతుంటే, "ఎండ ఎక్కకముందే వచ్చేయండన్నా" అన్నారు ఆమె. ఎండ ఎక్కకముందే వచ్చాను. ఆమె లేరు.

మాది తమిళనాడులో తెలుగు మాట్లాడే ఇల్లు, నాది ఊరిబడి చదువు. రాయడం అలవాటు లేదు. ఈ ఒక్కటీ రాయాలి.

నా మనవడు బడిలో చదివే రోజుల్లో స్నేహితుడి బండి వెనక ఎక్కాడు. అది దొంగబండి అని వాడికి తెలియదు. పోలీసులు ఇద్దరినీ పట్టుకున్నారు. పిల్లల కేసులు చూసే బోర్డులో జడ్జిగారు ఏం అడిగినా వీడు తమిళంలో "ఆమాంగ", అవునండీ, అంటూ తల ఊపాడు. మా ఇళ్లలో పెద్దలు అడిగితే పిల్లలు అలాగే అంటారు, మర్యాదకి. అక్కడ అది నేరం ఒప్పుకున్నట్టు.

వాడి తరఫున వాదించడానికి వచ్చిన వక్కీలమ్మ లేచారు. "అయ్యా, మీరడిగింది ఏమిటో వాణ్నే చెప్పమనండి." వాడు చెప్పలేకపోయాడు. జడ్జిగారు కలం ఆపి వాయిదా వేశారు.

తర్వాత రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చేవారు. వాణ్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేలమీద కూర్చునేవారు.

"జామీను అంటే ఏమిరా?"

"ఆమాంగ అవ్వా."

"నీ ఆమాంగ మీ తాతకి చెప్పుకో. జామీను అంటే ఏమి?"

వాడికి నవ్వు వచ్చింది. "తెలీదవ్వా."

"ఇప్పుడు చెప్పినావే, అదే నాకు కావాల. జడ్జి ముందర కూడా చెయ్యెత్తి ఇట్లే చెప్పు."

"పెద్దోళ్ల ముందర అట్లా అంటే బాగుంటుందామ్మా?" అన్నాను మెల్లగా.

"బాగలేకపోతే పోనీ అన్నా. పిల్లోడు ఇంట్లో ఉండాల్నా, పిల్లల హోములో ఉండాల్నా? వాని కేసు వానికి అర్థం కాకుండా నేను వదలను."

వాయిదా రోజు వాడు చెయ్యెత్తాడు. "పురియలైంగ," అర్థం కాలేదండీ, అన్నాడు. జడ్జిగారు తలెత్తి చూసేదాకా చెయ్యి దించలేదు. జడ్జిగారు చిన్న మాటల్లో మళ్లీ అడిగారు. వాడు మళ్లీ ఎత్తాడు. ఆమె కదలకుండా నిలబడి ఉన్నారు. చివరికి అర్థమై, "దొంగబండని తెలిసుంటే ఎక్కేవాణ్ని కాదు" అన్నాడు. ఆ మాట రాసుకున్నారు. కొన్నాళ్లకు వాణ్ని కేసు నుంచి విడిచిపెట్టారు.

మొన్న ఆమె కర్మలో అయ్యవారు మంత్రాలు గబగబా చదువుతుంటే అందరం తల ఊపుతున్నాం. వెనక నా పక్కన కూర్చున్న నా మనవడు, ఇప్పుడు మిల్లులో పనిచేస్తున్నాడు, చెయ్యెత్తాడు.

"సామీ, పురియలే. అవ్వకి ఏమి చెప్తా ఉండారు?"

అందరూ తిరిగి చూశారు. అయ్యవారు ఆగారు. వాడి చెయ్యి పైనే ఉంది. పక్కన నాదీ.