వాన నీళ్ళ చెన్నకేశవులు

ఇంటి బొమ్మ కంటబడితే చాలు, వాన నీళ్ళు ఎటు పోతాయని అడగకుండా చెన్నకేశవులుగారు ఉండలేరు. ముప్పై ఏళ్ళు కంటోన్మెంట్లలో బ్యారకులు కట్టించి, రిటైరై ఫరీదాబాద్‌లో స్థిరపడ్డారు. పెళ్ళికి వెళ్తే అక్షింతలు చేతిలో ఉండగానే మండపం పైకప్పు పరీక్షిస్తారు. మనవరాలి పుట్టినరోజుకి ఇంటి ఆకారంలో కేకు తెస్తే, దానికి తూము లేదని తేల్చారు. భార్య హైమవతిగారు ఆ కేకు పైకప్పు ముక్కే ముందు కోసి ఆయన నోట్లో పెట్టేశారు.

ఆయనున్న ఢిల్లీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక శనివారం నవ్యశ్రీ ఒక ఇంటి బొమ్మ పెట్టింది. సరోజినీ నగర్ దగ్గర అద్దెగదిలో ఉండి ఆర్కిటెక్చర్ చదువుతున్న పిల్ల. సోమవారం కాలేజీలో డిజైన్ చూపించాలి. మట్టిగోడల చుట్టింటికి తామరపువ్వు కప్పు వెయ్యమంటే, ఏఐ కళ్ళు తిప్పుకోనివ్వని బొమ్మ ఇచ్చింది.

గ్రూపు ఊగిపోయింది. ఒకాయన ఈ ఊరికి రైలుందా అన్నాడు. ఇంకొకావిడ తాతగారిల్లు అచ్చం ఇదేనని ఒట్టేసింది. ఇది ఏఐ గీసిన బొమ్మ అని నవ్యశ్రీ కిందే రాసింది గానీ, అంతదాకా చదివే ఓపిక ఎవరికుంది? మధ్యాహ్నం ఒకాయన చదివాడు. అంతే, పొగిడిన నోళ్ళే మోసమన్నాయి.

ఆ గోలలో చెన్నకేశవులుగారి మెసేజి వచ్చింది. "నీళ్ళు ఎటు పోతాయమ్మా?"

నవ్యశ్రీకి ఏడుపొక్కటే తక్కువ. డిజైన్ మానేద్దామనుకుని ఫోను పక్కన పడేసింది.

ఆదివారం పొద్దున్నే తలుపు తీస్తే, గ్రూపులో అడ్రసు కనుక్కుని వచ్చిన చెన్నకేశవులుగారు. చేతిలో సంచి, మగ్గు. శుభలేఖల అట్టలతో చేసిన చుట్టిల్లు బల్లమీద పెట్టి, కప్పుమీద నీళ్ళు పోశారు. పువ్వు నిండి, నడుమ కుంగి, ఇల్లు చతికిలబడింది.

"నీ బొమ్మలో మంచం వేసింది అక్కడే కదమ్మా," అన్నారు దిగులుగా.

"అది ఉత్త బొమ్మ అంకుల్. అందరూ ఫేక్ అంటున్నారు."

"వాళ్ళ సంగతి నాకు తెలీదు. నేను ఇల్లే అనుకున్నాను."

నిన్న మధ్యాహ్నం నుంచి ఆ మాట అన్నవాళ్ళు లేరు. నవ్యశ్రీకి ప్రాణం లేచొచ్చింది.

ఆయన సంచిలోంచి రెండో ఇల్లు తీశారు. దానికి తామరపువ్వు బోర్లించి ఉంది. రేకులు చూరై కిందికి వంగాయి. రెండో మగ్గు నీళ్ళు గదంతా తడిపాయి గానీ, ఇంట్లో చుక్క పడలేదు. నవ్యశ్రీ తడినేల మీదే కూర్చుని పెన్సిలు అందుకుంది.

సోమవారం మాస్టార్లు ఆ డిజైన్ ఒప్పుకున్నారు. సాయంత్రం తను గీసినది గ్రూపులో పెడితే నాలుగే లైకులు. చెన్నకేశవులుగారు మాత్రం నీళ్ళ ఊసెత్తకుండా, ఎప్పుడు కడుతున్నావమ్మా అని అడిగారు.