ఆదివారం దాకా ఆగని కర్బూజ

ఆ రోజుల్లో తార్నాకలో ఎండాకాలం వచ్చిందని చెప్పేది క్యాలెండర్ కాదు, ముక్కు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు (నలభై దాటాక గానీ నేర్చుకోలేదు). కానీ రామంతాపూర్ దిక్కు నుంచి రైతులు తెల్లవారేసరికి తెచ్చి రోడ్డు పక్క గోనెల మీద పోసిన కాయల్లో ఏది పండిందో, ఏది రేపటికి పండుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. యూనివర్సిటీ తోటల్లో మాలిగా కొత్తగా కుదిరాను. పని నుంచి వస్తూ ఆ సంతలో దోసకాయ కొరుక్కుంటూ తిరగడమే నాకు తెలిసిన షికారు. ఇప్పటివాళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసి తినేదాన్ని పండు అంటే నేనొప్పుకోను.

ఆ ఏడు మా తాత, అంటే అమ్మకు నాయిన, ఎడ్లను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి మమ్మల్ని చూడటానికి వచ్చాడు. వాళ్ళది నీళ్ళు లేని ఊరు. కర్బూజ ఎప్పుడో చిన్నప్పుడు ఎవరో పెడితే తిన్నాడట, ఆ రుచి ఇంకొక్కసారి చూడాలని వచ్చిన పూటే చెప్పాడు. నేను సంతలో ఉన్నవాటన్నిటికీ వాసన చూసి (అమ్మేవాడు విసుగొచ్చి, పెళ్ళిచూపులా అని అడిగాడు) ఆ పూటే కోసి తినాల్సిన పండు తెచ్చాను.

అమ్మ దాన్ని కొంగుతో తుడిచి గూట్లో పెట్టేసింది. మేం మా ఊళ్ళో ఉన్నప్పుడు చేలో మొదటి కాయ చర్చికి పోయి ప్రార్థన అయ్యాకే ఇంట్లో నోట పెట్టేవాళ్ళు. పట్నంలో మాకు చేను లేదు కనుక, సంతలో కొన్న మొదటి పండుకూ అదే నియమమని అమ్మ తీర్మానించింది. తాతేమో శనివారం పొద్దున్నే బస్సెక్కాలి. ముందు బతిమాలాడు, తర్వాత వాదించాడు.

"బిడ్డా, గింత కర్బూజకు దేవుడు అలుగుతడా?"

"దేవుడు అలగడు బాపూ, నాకే మనసొప్పదు. ఆదివారం దాంక ఉండరాదూ?"

"నేనుంట. ఎడ్లుండయి."

మా ఒక్క గది ఇల్లంతా ఆ వాసనే. తాత గూటి కిందనే చాప వేసుకున్నాడు. అమ్మ చూడనప్పుడు పండును రెండు చేతులా తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టేవాడు (కాపలా కాస్తున్నానని నాతో అనేవాడు). శనివారం బస్సెక్కేముందు, "వాసనైతె కడుపు నిండ చూసిన్రా, రుచి నువ్వు చూసి చెప్పు" అన్నాడు.

ఆదివారం గుడ్డలో కట్టి తీసుకుపోతుంటే పండు పగిలి అమ్మ చీరంతా కారింది. పులిసిన వాసనకు చర్చిలో ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పాస్టర్‌గారిది గుంటూరు దిక్కు. ప్రార్థన చేసి, సంగతంతా విని, మెల్లగా అన్నారు: "ప్రథమ ఫలం అంటే మీరు పండించిందమ్మా. ఇది కొన్నదే కదా, మీ నాన్నగారికి పెట్టెయ్యాల్సింది."

ఇంటికొచ్చాక అమ్మ, వచ్చే ఎండాకాలం తాతను పిలిపించి సంతలోనే కూర్చోబెట్టి కోసి పెడదామంది. తాత ఆ వానలకే పోయాడు. మరుసటి ఏడు అమ్మ మొదటి కర్బూజను సంతలోనే కోయించింది. ముక్క చేతిలో పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియనట్టు కాసేపు నిలబడి, చివరికి నా నోట్లో పెట్టింది. చప్పగా ఉంది. బాగుందన్నాను.

ఇప్పుడు నాకు షుగరు. అయినా ఏటా మొదటి కర్బూజను బండి దగ్గరే కోయించుకుని, నిలబడే తినేస్తాను. చొక్కా మీద మరకలతో ఇంటికి పోయి కోడలికి దొరికిపోతాను.

"ఏంది మామా, ఇంటికొచ్చేదాంక ఆగలేరా?" అంటుంది.

"మా ఇంట్ల ఒకపారి ఆగి చూసినం బిడ్డా" అని, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా చొక్కా విప్పి ఇచ్చేస్తాను.